మిర్చి సంచిలో వచ్చిన ఏలియన్

మా చిన్నప్పుడు... ఎండాకాలంలో ఎనుమాముల మిర్చి మార్కెట్ దిక్కు నుంచి గాలి మళ్లిందంటే మా వాడంతా ఒకేసారి తుమ్మేది. బాపు, అంటే మా నాన్న, అక్కడే హమాలీ. సాయంత్రం ముందు మిరప ఘాటు ఇంట్లోకి వచ్చేది, దాని వెనక బాపు వచ్చేవాడు.

ఆ సెలవుల్లోనే టీవీలో ఒక డబ్బింగ్ సినిమా చూశాం. ఏలియన్ ఒకటి దారి తప్పి భూమ్మీద పడుతుంది. ఒక పిల్లతో దోస్తీ చేస్తుంది. ఇద్దరూ కలిసి ఊరంతా ఆగం చేస్తారు. నవ్వలేక చచ్చాం... నేను లోపల చాప మీద, రూతు బయట కిటికీ ఊచలు పట్టుకుని.

రూతు నా దోస్తు. వెనక గల్లీ. ఆదివారం చర్చి పాటల్లో అందరికన్నా పెద్ద గొంతు దానిదే.

మా నానమ్మ నెక్కొండ దగ్గరి పల్లె నుంచి వచ్చేటప్పుడు సందుగ పెట్టెతో పాటు అక్కడి కట్టుబాట్లు కూడా మోసుకొచ్చింది. రూతు వాళ్ళు గడప దాటొద్దు. నీళ్ళడిగితే పైనుంచి దోసిట్లో పోసేది. కసురుకునేది కాదు... పండగకు గారెలు కూడా పెట్టేది, మెట్ల మీదే. నాకు మండేది అదే. తిట్టి ఉంటే కొట్లాడేదాన్ని కదా.

మనమూ సినిమా తీద్దామంది రూతు. వాళ్ళన్న డేవిడుకు కొత్తగా టచ్ ఫోన్ వచ్చింది, కాబట్టి కెమెరామెన్ ఆయనే. కథ నాది. ఏలియన్ పత్తి కుప్ప మీద పడుతుంది, అందుకే దెబ్బ తగలదు. మా సైన్సు అంతవరకే. ఏలియన్ వేషం రూతుది... మోకాళ్ళు వంచి బాతు నడక నడవడం దాని లెక్క ఇంకెవరికీ రాదు.

ఏలియన్‌ను కథలో పిల్ల తన ఇంట్లో దాచే సీను దగ్గర ఆగిపోయాం. ఎవరింట్లో తీయాలి?

అప్పుడు బయటపడింది రూతు అసలు కోరిక. మా పిల్లి నానమ్మ మంచం కింద పిల్లలు పెట్టింది. వాటిని చూపించమని రూతు రోజూ అడిగేది. బయటికి తెస్తే తల్లి మళ్ళీ దగ్గరికి రానియ్యదని నానమ్మ తేనిచ్చేది కాదు. పిల్లులు బయటికి రావు, రూతు లోపలికి రాదు...

"ఏలియన్ లెక్క పోత. మొకం కనవడది గదా," అంది రూతు.

ఇంతకు మించిన ఉపాయం లేదనిపించింది నాకు. అరుగు మీద బాపు మడిచి పెట్టిన గోనె సంచి తెచ్చాం. కండ్లకు రెండు చిల్లులు, చేతులకు రెండు. మెడ దగ్గర సుతిలి తాడుతో గట్టి ముడి. అగరుబత్తి పుల్లలకు చాక్లెట్ల వెండి కాగితం చుట్టి కొమ్ములు పెట్టాం. ఆ సంచిలో వచ్చినవి మిరపకాయలని మాకు తోచనే లేదు. ఆ ఘాటు మా ముక్కులకు ఇంటి వాసనే అయిపోయింది మరి.

మధ్యాహ్నం... నానమ్మ మంచం మీద కునుకు తీస్తోంది. డేవిడు కిటికీ బయట నుంచి ఫోన్ పట్టాడు. ఏలియన్ గడప దాటింది.

దాటగానే బాతు నడక మరిచిపోయింది. గోడలు, క్యాలెండర్, గూట్లో దీపం... అన్నీ మెల్లగా చూసుకుంటూ వెళ్ళి మంచం కింద దూరింది. "ఎంత చిన్నగున్నయే," అని గుసగుసగా వినిపించింది.

ఆ వెంటనే తుమ్ము. ఇంకో తుమ్ము. తర్వాత ఏడుపు. చెమటకు కారం తడిసి కండ్లలోకి దిగింది.

నానమ్మ లేచి వంగి చూసింది. వెండి కొమ్ముల గోనె సంచి ఒకటి మంచం కింద పొర్లుతోంది. నేననే అనుకుంది. ఏం ఏషాలే ఇవి అని తిడుతూ బయటికి గుంజి, తల తిప్పితే... ఎదురుగా నేను.

ముడి రాలేదు. సుతిలిని పళ్ళతో తెంపింది. రూతు మొహం బయటపడింది. ఎర్రగా ఉబ్బి, కండ్లు తెరవలేక... ఆ స్థితిలో కూడా అది అన్న మాట ఇదీ:

"పోతున్న నానమ్మా. ఏం ముట్టలే."

నానమ్మ ఇప్పుడు ఒక్క మాటంటే రూతు ఇంక మా గల్లీకే రాదు.

నానమ్మ దాని చెయ్యి పట్టుకుంది. "యాడికి పోతవే కండ్లు కనవడక," అని నడిపించుకుపోయింది... వంటింట్లోకి. తాగే బిందెలో చెంబు ముంచి కండ్లు కడిగింది. మొహానికి పెరుగు పూసింది. ఒళ్ళో పడుకోబెట్టుకుని కొంగుతో విసురుతూ, నన్ను మాత్రం వాయించింది.

"మిరపకాయల సంచి ఏసుకుంటరానే ఎవలన్న? దీని కండ్లకు ఏమన్నయితే వాళ్ళమ్మకేం జెప్పాలె?"

డేవిడు వంటింటి కిటికీ దగ్గరికి వచ్చి ఫోన్ అట్లాగే పట్టుకుని నిలబడిపోయాడు. మా సినిమాలో ఆఖరి సీను అదే... నానమ్మ ఒళ్ళో, పెరుగు మొహం ఏలియన్.

మర్నాడు రూతు అలవాటుగా మెట్ల దగ్గరే ఆగింది. నానమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"గాడ నిలవడ్డవేందే. పిల్లులు కండ్లు తెరిచినయ్... పోయి సూడు."

అంతే. మళ్ళీ ఆ సంగతి ఆమె ఎత్తలేదు. ఇప్పుడు నానమ్మ లేదు, ఆ ఫోనూ లేదు.

సభల దగ్గర అమ్మే పల్చటి పుస్తకాలు చదివీ చదివీ, సమానత్వం మీద గంటల కొద్దీ అరవగలను నేను. ఒక పిల్ల కండ్లు మండితే తప్ప తెరుచుకోని తలుపు, అదేం తలుపు అని ఇప్పటికీ కోపమొస్తుంది. కానీ నానమ్మ పళ్ళతో తెంపిన ఆ సుతిలి ముడి గుర్తొస్తే... గొంతు లేవదు.

రూతు ఇప్పుడు దవాఖానలో నర్సు. మొన్న హనుమకొండలో రూమ్ వెతుక్కుంది. ఓనరమ్మ నవ్వుతూ రూమ్ చూపించింది. పేరడిగింది, ఇంటిపేరడిగింది, ఏ వాడ అని అడిగింది... అప్పుడు గుర్తొచ్చిందట, ఎవరికో మాటిచ్చానని. అది విని నేను కొట్లాటకు లేస్తే రూతే ఆపింది.

"జర ఆగే. ఏలియన్ లెక్క పోతే ఇచ్చేదేమో," అని నవ్వింది.

ఇప్పటి పిల్లలకు సంచి అక్కర్లేదు. ఫోన్‌లో ఒక్క ఫిల్టర్ నొక్కితే మొహం మీదికి ఏలియన్ వచ్చేస్తుంది... తుమ్ములు లేవు, మంటలు లేవు. తలుపులు మాత్రం ఇంకా ఇంటిపేరు అడుగుతున్నాయి.

మీ చిన్నప్పుడు మీ ఇంటి మెట్ల మీదే ఆగిపోయిన దోస్తు ఎవరు? వాళ్ళ పేరు కింద రాయండి... ఇన్నేళ్ళకైనా లోపలికి పిలిచినట్టు.