చిటికెన వేలి ఎరుపు

దయ్యాల కబుర్లు మొదలైతే టీ పెట్టుకునే వంకతో లేచిపోయే రకం నేను. జర్మనీలోని డ్రెస్డెన్‌లో కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు, దుమ్ము రేణువు ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతకడమే నా ఉద్యోగం. కారణం లేకుండా ఏదీ జరగదని ఇప్పటికీ అంటాను. కాకపోతే కాస్త నీరసంగా అంటాను.

నా కుడిచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు అరచేతిలోకి వంగిపోయాయి. చర్మం కింద తాడులాంటిది బిగుసుకుపోయింది, కోసి తీయాలన్నారు. రెండుసార్లు టెర్మిన్, అంటే ఆపరేషన్‌కి తేదీ, దొరికింది, రెండుసార్లూ వదులుకున్నాను. అప్పుడు నా భార్య సరళ జబ్బుతో మంచం మీద ఉంది.

సరళ ఏటా ఆషాఢంలో గోరింటాకు పొడి నానబెట్టి తను పెట్టుకుని, నా చిటికెన వేలికి కూడా ఓ టోపీ తొడిగేది. మగాళ్లకెందుకే అని గొణుగుతూనే చెయ్యి చాపేవాణ్ణి. ఆఖరి ఏడు ఎంత లాగినా వేలు తెరుచుకోలేదు.

"పిసినారి పిడికిలండీ మీది. ఆపరేషన్ అయ్యాక పెడతాలెండి," అంది.

ఆ చలికాలమే పోయింది. చివరి రోజు తన నుదుటి మీద అరచెయ్యి ఆనించబోతే వంగిన వేళ్లే గుచ్చుకున్నాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ బాధ మాత్రం నన్ను వదల్లేదు.

మరుసటి ఏడు జూలైలో ఆపరేషన్. ముందు నర్సు గోళ్లకు రంగు లేదని ఒక్కొక్కటే చూసి కాగితం మీద టిక్కు పెట్టింది. చంకలో సూది వేశారు. చెయ్యి మొద్దుబారింది, గిల్లినా తెలియలేదు. తెర అవతల కోస్తున్నారు. అలసటగా కళ్లు మూసుకున్నాను. స్పర్శే లేని ఆ చేతికి, చిటికెన వేలి కొసన మాత్రం చల్లగా, తడిగా, బరువుగా ఏదో ఆనింది. గోరింటాకు వాసన కూడా వచ్చింది. మత్తులో వాగుతున్నాడనుకుంటారని ఎవరికీ చెప్పలేదు.

కట్టు విప్పిన రోజు వేళ్లు వాచి ఉన్నాయి, కానీ తిన్నగా ఉన్నాయి. చిటికెన గోరు ఎర్రగా ఉంది. ఆపరేషన్ ముందు పూసే మందు రంగు, పోతుందిలెమ్మని డాక్టరమ్మ స్పిరిట్‌తో తుడిచింది. పోలేదు. మందు అన్ని వేళ్లకూ పూశారు కదా అన్నాను. ఆవిడ గోరును ఇంకోసారి తుడిచింది.

ఇంటికొచ్చి తెలుగు క్యాలెండర్ చూశాను. ఆపరేషన్ రోజు ఆషాఢమే. ఫ్రీజర్‌లో గోరింటాకు పొట్లం, సరళ వేసిన రబ్బరు బ్యాండుతో అలాగే ఉంది.

కారణం ఉండే ఉంటుంది. నాకు దొరకలేదు, వెతికే ఓపికా లేదు. ఇప్పుడు డిసెంబరు. ఎరుపు గోరు కొసకు చేరింది. చేతికి వ్యాయామం చేయించే అమ్మాయి, గోరు బాగా పెరిగింది, తీసేయండి అంటోంది.

అలాగే అంటున్నాను. ఇంకా తీయలేదు.