మా పియానో కోసం దిగివచ్చిన వయొలిన్లు

మా ముత్తాత నిజాం కాలంలో మేడ్చల్ చుట్టుపక్కల పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. శిస్తు వసూలు ఆయనదే, తగవులు తీర్చడం ఆయనదే. ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. మా తాత గుర్రపు బగ్గీలో సికింద్రాబాదు వెళ్లి, ఇంగ్లీషు అధికారులతో కలిసి టీ తాగి వచ్చేవాడు. మా బాపు కాలానికి భూములు పోయాయి, ఊళ్లు పోయాయి, ‘దొరా’ అనే పిలుపు మిగిలింది. నా వంతుకు ఆ పిలుపూ, ఒక పియానో వచ్చాయి.

ఆ పియానోను ముత్తాత, దేశం వదిలి వెళ్తున్న ఒక కంటోన్మెంటు అధికారి దగ్గర కొన్నాడు. ఎడ్లబండి మీద గడ్డి పరిచి షామీర్‌పేట దాకా తెప్పించాడు. ఊళ్లో మా ఇంటిని గడి అనేవారు. ఏనుగు పట్టేంత దర్వాజా, చుట్టూ ఎత్తైన గోడ. ఆ చుట్టుపక్కల గడులెన్ని ఉన్నా, పియానో ఉన్న గడి మాదొక్కటే. దానితో పాటే మా ఇంట్లో ఒక ఆచారం మొదలైంది. అర్జీ పెట్టుకోవడానికి వచ్చినవాళ్లు ముందు వాకిట్లో నిలబడి పియానో వినాలి. ముత్తాత ఒక పాట వాయించేవాడు. “శానా బాగున్నది దొరా” అని వాళ్లు అన్నాకే అర్జీ మొదలయ్యేది. తాత ఆ ఆచారం నిలిపాడు. బాపు దగ్గరకు అర్జీలు తగ్గిపోయినా, వచ్చిన ఒకరిద్దరికీ వాయించి వినిపించాడు.

తాత రోజుల్లో సికింద్రాబాదు నుంచి పియానోలు శ్రుతి చేసే మనిషి ఒకడు వచ్చాడట. పియానో మెట్లు రెండు నొక్కి, దీన్ని బాగుచేయాలి అన్నాడట. “నా పియానోకు శ్రుతి చెప్పడానికి నువ్వెవడివి?” అని తాత అతనికి కడుపునిండా భోజనం పెట్టించి పంపేశాడు. ఈ కథను మా ఇంట్లో పెళ్లిళ్లలో చెప్పుకునేవాళ్లం. నేనూ చాలాసార్లు చెప్పాను.

గడి గోడలు కూలాక పియానోను మేడ్చల్‌లోని మా ఫ్లాటుకు తెచ్చాను. హాల్లో అది పట్టాక సోఫాకు చోటు లేదు. వచ్చినవాళ్లు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుంటారు. షామీర్‌పేటలో రిసార్టు కట్టిన ఒకాయన దాన్ని అమ్మమని ఎన్నోసార్లు అడిగించాడు. వాళ్ల తాత మా గడిలో పశువులు కాసేవాడు. “ఇలాంటి గొంతున్న పియానో మరొకటి లేదు, అమ్మేది కాదు” అని కబురు పంపాను. అందులో అబద్ధం లేదని ఇప్పుడు నాకు తెలుసు.

నా కూతురు పాటలు తనే రాసి, తనే బాణీ కట్టి పాడుతుంది. యాప్రాల్‌లో ఒక కాఫీ దుకాణం మేడ మీద గిటారు ఒక్కటే పట్టుకుని పాడడంతో మొదలైంది. దుండిగల్ కాలేజీల పిల్లలు షేర్ ఆటోల్లో వచ్చి నేల మీద కూర్చుని వినేవారు. మొదటి ఆల్బం కూడా గిటారుతోనే చేసింది. నాకు అందులో దరిద్రం వినిపించేది. మా ఇంటి పిల్ల ఒక్క వాయిద్యంతో పాడడమేమిటి అనుకునేవాణ్ని, పైకి అనలేదు.

రెండో ఆల్బం మాత్రం వేరు. మద్రాసులో అరవై మంది వాయిద్యకారులు, వయొలిన్లు, చెల్లోలు, ఫ్లూట్లు, ఇత్తడి బాకాలు, వెనక కోరస్. వాటన్నిటి నడుమ మా పియానో. రికార్డు చేసేవాళ్లు మా ఫ్లాటుకే మైకులు తెచ్చి, ఫ్యాన్లు ఆపించి, నా కూతురు వాయిస్తుండగా రికార్డు చేసుకున్నారు. ఆ సంగతి బంధువులందరికీ ఫోన్ చేసి చెప్పాను. మా రోజులు తిరిగి వచ్చాయని అనలేదు కానీ, అలాగే వినిపించేలా చెప్పాను.

విడుదలకు ముందు పాత శ్రోతలను పిలిచి ఒకసారి వినిపిస్తానంది కూతురు. వాళ్లు ఏమంటారోనని తనకు నిద్ర లేదు. వాళ్లకు నచ్చకపోతే మార్చడానికి ఇంకా వ్యవధి ఉంది. రిసార్టు యజమాని తన హాలు ఇస్తానన్నాడు. ఆదివారం మధ్యాహ్నం నేను కోటు వేసుకుని వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాను. పక్కన యాప్రాల్ నుంచి వచ్చిన మా చెల్లెలు. వెనకంతా కుర్రకారు.

మొదటి పాటకు వయొలిన్లన్నీ ఒక్కసారిగా లేచాయి. నా వెన్ను దానంతటదే నిటారుగా అయింది. నాలుగో పాట అయ్యాక కూతురు ఆపి, “చెప్పుండ్రి, ఏమనిపిస్తాంది?” అంది.

అందరూ ఒకేసారి మొదలుపెట్టారు.

“అక్కా, గిటార్ ఒక్కటి పట్టుకొని పాడినప్పుడు నువ్వు నా పక్కన కూసున్నట్టుండె. గిప్పుడు ఏడనో స్టేజీ మీద ఉన్నవ్” అన్నాడొకడు.

“నీ పక్కనే కూసోవాల్నా ఎప్పుడు? అక్క ఎదగొద్దా?” అని వెనక నుంచి ఒక అమ్మాయి. “నాకైతే ఏడుపొచ్చింది.”

“నీకు ఆటో దొరకకపోయినా ఏడుపొస్తది.”

“నువ్వు మూసుకో రా.”

“సినిమాల హీరో ఎంట్రీ లెక్కుంది. అక్క గొంతును వయొలిన్లు తొక్కేసినయి.”

“తొక్కలే, మోసినయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకొని విను, తెలుస్తది.”

మా చెల్లెలు నా చెవిలో, “మంచిగనే ఉన్నది అన్నయ్యా. కాని లగ్గం బువ్వల ఇరవై కూరలు ఒక్కసారే వడ్డించినట్టున్నది. ఏది కలుపుకోవాల్నో తెలుస్తలేదు” అంది.

వాళ్లు వాదించుకోవడం నాకు వింతగా ఉంది. మా ఇంట్లో పాట అయ్యాక అందరూ ఒకే మాట అనేవారు. కూతురు మాత్రం చేతులు కట్టుకుని అన్నీ వింటోంది.

అప్పుడు దుండిగల్ కాలేజీ అమ్మాయి ఒకతె లేచింది. “అక్కా, వయొలిన్లు నాకు మస్తు నచ్చినయి. కాని పియానో శ్రుతిల లేదు. పొరపాటున గట్లనే ఉంచిన్రా ఏంది? ఎవ్వరిదక్కా గా డబ్బా?”

హాల్లో సగం మంది అవునవునన్నారు. “నాకు గూడ చెవుల గుచ్చుకుంటాంది, చెప్పాల్నా వద్దా అని చూస్తున్న” అన్నాడు ఇంకొకడు.

నేను లేచి వాళ్లవైపు తిరిగాను. “ఆ పియానో మాది” అన్నాను. “మూడు తరాలు మా గడిలో ఉంది. నవాబుల బంధువులు విన్నారు, కలెక్టర్లు విన్నారు. శ్రుతి లేదని ఇంతవరకు ఎవ్వరూ అనలేదు.”

“సారీ అంకుల్” అంది ఆ అమ్మాయి. కానీ కూర్చోలేదు. ఆమె ముఖంలో భయం లేదు, నా మీద జాలి ఉంది. అది నేను ముందెన్నడూ చూడని వస్తువు.

గుమ్మం దగ్గర నిలబడ్డ రిసార్టు యజమాని నవ్వాడు. గట్టిగా కాదు, ఆపుకోలేక వచ్చిన నవ్వు.

“దొరా, మీరు ఏమనుకోనంటే ఒక మాట చెప్త.”

“చెప్పండి.”

“శ్రుతి లేదని మా తాత రోజు అంటుండెనట, ఇంట్ల. ఊరంత అంటుండిరి. మీ గడిల అనకపోయిండ్రు, గంతే. దాన్ని ఊళ్ల పిల్లుల పెట్టె అంటుండిరి దొరా. ‘దొర పిల్లుల పెట్టె తెరిసిండు, ఇగ ఇయ్యాల మన పని జల్ది కాదు’ అని నవ్వుకుంట నిలబడేటోళ్లట. తలలు వంచుకొని ఉంటరు కద, నవ్వు కనబడకపోతుండె.”

పిల్లలు పగలబడి నవ్వారు. మా చెల్లెలు చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కళ్లు చూశాను. ఆ పేరు ఆమెకు కొత్త కాదు.

“నీకు తెలుసా?” అన్నాను.

“పనిమనుషులు అనుకుంటుంటె ఒకసారి విన్న అన్నయ్యా. బాపుకు ఎవరు చెప్తరు?”

కుర్చీలో కూర్చున్నాను. మా ఇంట్లో ఇంకో పియానోను ఎవరూ ఎదురుగా విన్నది లేదు. మా పియానో ఎలా పలికితే పియానో అలా పలుకుతుందనుకున్నాం. రేడియోలో వినిపించేది పల్చగా ఉంది, మనదానిలో బరువుంది అని బాపు అంటే నేను తలూపాను. బాపు వాయించడానికి కూర్చోగానే అమ్మ వంటింటి తలుపు వేసేది. పొగ హాల్లోకి రాకుండా అనుకున్నాను. వయసు మళ్లాక ఇప్పుడు, అపరిచితుల మధ్య, కోటు వేసుకుని కూర్చుని, ఆ తలుపు ఎందుకు మూసుకునేదో నాకు అర్థమైంది. పొయ్యి వెలిగించని మధ్యాహ్నాలు కూడా ఆమె ఆ తలుపు వేసింది.

కూతురు మైకు దగ్గరికి వచ్చింది. “పొరపాటు కాదు. పియానో మొత్తం కొంచెం కిందికి జారి ఉన్నది, నాలుగైదు మెట్లు ఇంకింత జారినయి. నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. అందుకే మద్రాసుల అందరిని అడిగిన. వయొలిన్లన్నీ మా పియానో దగ్గరికి శ్రుతి దించుకున్నయి. గా నాలుగైదు మెట్లే మీకు గుచ్చుకుంటున్నయి.”

హాలు మళ్లీ రెండుగా చీలింది.

“అరవై మందిని ఒక పాత డబ్బా కోసం దించినవా అక్కా?”

“గదే కదరా గొప్ప!”

“ఏం గొప్ప? మంచి పియానో పెట్టి మళ్ల రికార్డ్ చెయ్యి అక్కా, ఇంక టైం ఉంది కద.”

“పియానో తీసేస్తే మిగిలేది ఉత్త సినిమా మ్యూజిక్. ముట్టుకోకు అక్కా.”

వాళ్లు చాయ్ తాగుతూ కూడా వాదించుకున్నారు. ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు. నాకు మాత్రం ఒక్కటే తోచింది. అరవై మంది చదువుకున్న వాయిద్యకారులు, పేరున్నవాళ్లు, మా తప్పు శ్రుతి ముందు తమ శ్రుతి దించుకున్నారు. మా వాకిట్లో నిలబడ్డవాళ్లు చేసిందీ అదే.

అందరూ వెళ్లాక చెరువు కనిపించే వరండాలో తనూ నేనూ మిగిలాం.

“నాకెందుకు చెప్పలేదు?” అన్నాను.

“చెప్పిన బాపూ. ఎనిమిదేండ్లప్పుడు. కీబోర్డు క్లాసుల నుంచి వచ్చి, మన పియానో తప్పు పలుకుతున్నది అన్న. మీరు అన్నం తినకుండ లేచిపోయిండ్రు. అమ్మ నన్ను, ఇంకోసారి అనకు అన్నది.”

నాకు గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే ఆ మధ్యాహ్నం నన్ను రెండోసారి కొట్టింది.

“తప్పని తెలిసీ ఎందుకు పెట్టావు? నా కోసమా?”

“కాదు. నాకు ఇష్టం. నేను పెరిగింది ఆ చప్పుడులనే కద.”

“సగం మందికి నచ్చలేదు. తీసెయ్యి. మంచిది ఇంకొకటి వాయించు.”

తను చెరువువైపు చూస్తూ నవ్వింది. “సగం మంది మొహం మీద బాగలేదన్నరు బాపూ. అందుకే బాగుందన్న సగం మంది మాట నేను నమ్ముత. మన ఇంట్ల ఎవ్వరికి గంత అదృష్టం లేకపాయె.”

మా ముత్తాత, తాత, బాపు, వాళ్లకు వినిపించిన మెప్పు అంతా ఒక్కసారి నా ముందు కుప్పపోసినట్టయింది. అందులో నిజమైనది ఒక్కటైనా ఉండి ఉంటుంది. అది ఏదో ఇక తెలుసుకునే దారి లేదు.

ఆల్బం విడుదలైంది. పియానో అందులో అలాగే ఉంది. ఫోన్లో పాటల కింద రాసే వ్యాఖ్యలు కూతురు నాకు చదివి వినిపిస్తుంది, తిట్లు కూడా వదలకుండా. ఆర్భాటం ఎక్కువైందని ఒకరు, ఇన్నాళ్లకు గొంతుకు తగిన మేడ కట్టారని ఒకరు, ఆ పియానోను చెరువులో వేయమని ఒకరు, ఆ పియానో కోసమే మళ్లీ మళ్లీ వింటున్నామని ఒకరు. నేను కళ్లు మూసుకుని వింటాను. ఏ ఒక్కరూ నన్ను చూసి భయపడి రాసింది కాదు.

మేడ్చల్ ఫ్లాటులో మాత్రం దాని ఎదుట కూర్చోలేకపోయాను. ఎవరైనా వచ్చి “మంచి పియానో సార్” అంటే వాళ్ల పెదవుల వైపు చూసేవాణ్ని, నవ్వు దాస్తున్నారేమోనని. చివరికి నేనే రిసార్టుకు ఫోన్ చేశాను. యజమాని మనుషులతో, వ్యానుతో తనే వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచాడు. అడగకుండా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

“శ్రుతి చేయిస్తారా?” అని అడిగాను.

“ఎందుకు దొరా? మా తాత ఎట్ల విన్నడో మా గెస్టులు గూడ గట్లనే వినాలె. రిసెప్షన్ల పెడ్త. కాకపోతే వీళ్లు తలలెత్తి నవ్వొచ్చు.”

మనుషులు దాన్ని దుప్పట్లు చుట్టి, లిఫ్టులో పట్టక మెట్ల మీదుగా దించారు. మలుపు దగ్గర గోడకు తగిలి పియానో మెట్టు ఒకటి దానంతటదే పలికింది. కింది అంతస్తు ఆవిడ తలుపు తీసి చూసి, మూసుకుంది.

పియానోను, దాని స్టూలును, మూత తాళంచెవిని షామీర్‌పేట రిసార్టుకు అమ్మాను.