ఎనభై ఆరు ప్రశ్నల కాపురం

1983 జనవరి. డిట్రాయిట్‌లో ఒక ఇమిగ్రేషన్ లాయరు దగ్గర గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఆ ఏటి మంచులో ఏనుగును నిలబెట్టినా తొండం కొన మాత్రమే కనబడేది. ఒక ఉదయం సూర్యారావు, అతని భార్య డోరతీ పోట్లాడుకుంటూనే మా ఆఫీసులో అడుగుపెట్టారు.

"రాత్రంతా కారు కిటికీ తెరిచి పెట్టాడు. సీటు మీద మూరెడు మంచు!" అందావిడ.

"జానెడేనండీ," అన్నాడతను నాతో తెలుగులో.

సూర్యారావు చదువుకోవడానికి వచ్చి, మధ్యలో మానేసి, వీసా గడువు దాటినా ఉండిపోయినవాడు. డోరతీ ఇక్కడి పౌరురాలు. పెళ్లై ఏడాదిన్నర. పౌరురాలైన భార్య పిటిషన్ పెడితే అలాంటివాడికి కూడా దేశం విడవకుండానే గ్రీన్‌కార్డు రావచ్చు. దాన్ని అడ్జస్ట్‌మెంట్ ఆఫ్ స్టేటస్ అంటారు. కాకపోతే అది కాగితాల కోసం చేసుకున్న పెళ్లి కాదని ఆఫీసరు నమ్మాలి. భార్యాభర్తల్ని చెరో గదిలో కూర్చోబెట్టి అవే ప్రశ్నలు వేస్తాడు. నమ్మకపోతే సూర్యారావు ఇండియా విమానం ఎక్కాల్సిందే.

"నిజం చెప్పమనండి, చాలు," అన్నారు లాయరుగారు. కానీ నేను గైడ్లు బట్టీ పట్టి బి.ఎ. గట్టెక్కిన ఘనుణ్ణి. ఎనభై ఆరు ప్రశ్నలకు జవాబులు టైపు చేశాను. నా టైప్‌రైటర్ మోతకు నది అవతల కెనడాలో పావురాలు లేచిపోయాయి.

"చివరిసారి ఎందుకు పోట్లాడుకున్నారని అడిగితే?" అంది డోరతీ.

"మాకు పోట్లాటలే లేవనండి," అన్నాను.

"అబద్ధం కదా!"

"కిటికీ గొడవ ఆఫీసరుకెందుకమ్మా? కాపురం చెడిందనుకుంటాడు."

"గురువుగారు చెప్పినట్టు చదువు, డోరా," అన్నాడు సూర్యారావు.

పది రోజులు చదివారు. ఇంటర్వ్యూలో ఇద్దరూ ప్రతి ప్రశ్నకూ ఒకే మాట, ఒకే వరుసలో అప్పజెప్పారు. చివర్లో ఆఫీసరు ఇద్దర్నీ ఒకే గదిలోకి పిలిచి, పెన్ను మూసి, "నాకు పెళ్లై ఇరవై ఏళ్లు. పోట్లాట లేని ఇల్లు నేనింతవరకు చూళ్లేదు. ఎవరు నేర్పారు?" అన్నాడట. "ఎవరూ లేరు," అన్నారిద్దరూ. అదీ నా సలహానే.

ఆ ఒక్క అబద్ధం కింద వాళ్ల ఫొటోలు, అద్దె కాగితాలు, పక్కింటివాళ్ల ఉత్తరాలు అన్నీ నలిగిపోయాయి. మ్యారేజ్ ఫ్రాడ్, అంటే దొంగపెళ్లి అని రాశారు. ఆ ముద్ర ఒకసారి ఫైలుకెక్కితే ఆ మనిషి కోసం ఏ భార్య పిటిషన్ పెట్టినా చెల్లదు. మళ్లీ ఇదే డోరతీ పెట్టినా అంతే. అప్పీలూ పోయింది.

ఎయిర్‌పోర్టులో డోరతీ అతని మఫ్లర్ సర్దుతూ నా వైపు చూడలేదు. సూర్యారావు మాత్రం నా చెయ్యి పట్టుకున్నాడు.

"మీరు చాలా కష్టపడ్డారండీ. మేమే ఇంకాస్త బాగా చదవాల్సింది."

నిజానికి వాళ్లు అక్షరం తప్పకుండా చదివారు, అందుకే పోయింది.

ఆ తర్వాత ఏం చెప్పమంటారని ఏ జంట అడిగినా నేను పెదవి విప్పలేదు. నిజంగా కాపురం చేస్తున్నవాళ్లకు జవాబులు నేర్పకూడదు. అది నాకు తెలిసిరావడానికి డోరతీ మొగుణ్ణి పోగొట్టుకుంది.