తంగమ్మాళ్ జన్నళ్లు సర్దిన మధ్యాహ్నం

అరుప్పుకోట్టైలో తంగమ్మాళ్ కాపురానికి వచ్చిన ఇంట్లో మగ్గం పోగా మిగిలిందే ఇల్లు. పద్దెనిమిది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న ఒకే ఒక గది. అందులో ముప్పాతిక మగ్గానిది. మిగిలిన పావులో పొయ్యి, నీళ్ల బిందెలు, బియ్యం డబ్బా, అత్తగారి మంచం, ఆ తర్వాత పిల్లాడి ఉయ్యాల. వచ్చిన వారానికే ఆమెకు ఒక సంగతి అర్థమైంది. ఆ ఇల్లు సామాను ఎక్కువై ఇరుకు కాలేదు, సర్దేవాళ్లకు బుద్ధి తక్కువై ఇరుకైంది. పొద్దున కావలసినవి చేతికందే ఎత్తులో పెట్టింది. సాయంత్రం కావలసినవి మగ్గం కిందికి తోసింది. ఏడాదికోసారి కావలసినవాటిని దూలానికి కట్టింది. అత్తగారి నోటిని మాత్రం ఎక్కడ పెట్టాలో ఆవిడ పోయేదాకా తెలియలేదు.

తంగమ్మాళ్ చదివింది రెండో తరగతి. "రెండు తరగతుల్లో చదివింది మొత్తం నాకింకా గుర్తుండాది. మీ పదహారేళ్ల చదువులో మీకెంత గుర్తుండాది?" అని పెద్ద చదువుల వాళ్లనే ఎదురడుగుతుంది. నలభై ఏళ్లు గోపురం అంచు చీరలు నేసింది. ఆరేళ్ల కిందట మోకాళ్లు మొరాయిస్తే మగ్గం విప్పేశారు. ఆ చోట ఇప్పుడొక బల్ల, బల్ల మీద కోడలు కార్తిక ల్యాప్‌టాప్. తాను కూర్చున్న చోటే కోడలు కూర్చోవడం తంగమ్మాళ్‌కు ఎంతో ఇష్టం. ఆ మాట కోడలితో అనేంత తెలివితక్కువది మాత్రం కాదు.

కార్తికది కోవిల్‌పట్టి. మొగుడు సెంథిల్‌కుమార్ అక్కడే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేస్తాడు, ఆదివారం ఆదివారం ఇంటికొస్తాడు. కార్తిక విరుదునగర్‌లో రామానుజం డిజైన్ ఆఫీసులో కంప్యూటర్ మీద చీరల అంచులు గీస్తుంది. రోజూ ఏడూ పదికి బస్సు. ఇప్పుడు ఏడో నెల. బస్సు కుదుపులు వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ఇంట్లోంచి పని చేయడానికి రామానుజం నాలుగు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాడు. పెద్ద కంప్యూటర్ ఆఫీసులోనే ఉంటుంది, కార్తిక ఇంటి ల్యాప్‌టాప్‌లోంచి దాన్ని నడపాలి. అక్కడి తెర ఇక్కడ కనబడుతుంది, ఇక్కడ వేలు కదిపితే అక్కడ బాణం కదులుతుంది. కానీ ఒక షరతు. శుక్రవారం నాలుగింటికి మర మగ్గం నడిపే మునియసామి ఆమె గీసిన అంచును మగ్గం ఎక్కిస్తాడు. మొదటి అంచు తప్పు లేకుండా వస్తే కాన్పు దాకా ఇంట్లోనే పని. తప్పొస్తే సోమవారం నుంచి మళ్లీ బస్సు.

"నువ్వు ఇంట్లో ఉంటే నాకు వేళకు కాఫీ దొరుకుతాది, అందుకే" అంది తంగమ్మాళ్. ఆ ఇంట్లో కాఫీ పెట్టేది ఎప్పుడూ తంగమ్మాళే.

మొదటి రోజు ఆఫీసు ఊడ్చే మునియాండి, ఖాళీ కుర్చీ ముందు తెర మీద బాణం దానంతటదే పరుగెత్తడం చూసి చీపురు పడేసి రోడ్డెక్కాడట. ఆ కథ విని తంగమ్మాళ్ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. తరువాత ల్యాప్‌టాప్ దగ్గరికి ముక్కాలిపీట జరుపుకొని కూర్చుంది. అప్పటి నుంచి రోజూ అదే చోటు.

ఆఫీసు తెర తలుపంత ఉంటుంది. ల్యాప్‌టాప్ పప్పు చేటంత. మొత్తం తెరను ఇందులోకి కుదిస్తే అంచు గీసే గళ్లు ఆవగింజలైపోతాయి. అసలు సైజులో చూస్తే ఒక మూల మాత్రమే కనబడుతుంది, అటూ ఇటూ జరుపుకుంటూ ఉండాలి. శుక్రవారం పొద్దున కార్తిక ఒకదాని మీద ఒకటి అయిదు విండోలు తెరిచింది. పాత చీర ఫోటో, గీసే కాగితం, రంగుల డబ్బాలు, ఆఫీసు ఉత్తరాలు, ఇంకేదో.

"ఏమే, ఇన్ని జన్నళ్లు తెరిస్తే ఇంట్లోకి దుమ్ము రాదా?"

"జన్నల్ కాదత్తా, విండో."

"దొరలు చెప్తే విండో, నేను చెప్తే జన్నల్. గాలి ఒకటే కదా. నా చీర యాడ పోయింది?"

పాత చీర అంటే తంగమ్మాళ్ ఆఖరున నేసిన చీర. రామానుజం అడిగింది ఆ అంచే. తొమ్మిది అంతస్తుల గోపురం, పైన కలశం. ఆ ఫోటో గీసే కాగితం వెనకాల దాక్కుని ఉంది. కార్తిక ఒకసారి దాన్ని ముందుకు లాగి చూసుకుంది, మళ్లీ వెనక్కి పంపింది. "ఎడం చాలలేదత్తా" అని, చోటు కోసం కాగితాన్ని తెర నిండా పరిచింది. తెర మధ్యలో ఒక గోపురాన్ని గడి గడిగా గీసి, దాన్నే వరసగా అంచు పొడవునా పరిచేసింది. గోపురం తొమ్మిదో అంతస్తు దగ్గరే కాగితం అయిపోయింది. అడిగిన లెక్కే అంతేమోననుకుని అక్కడికి ఆపింది.

తంగమ్మాళ్ పొయ్యి దగ్గర నుంచి వచ్చి చూసింది.

"కలసం యాడే?"

"ఎడం లేదత్తా. కాయితం అంతే."

"కలసం లేని కోపురమా! నేను నేసిన చీరలో ఎవరైనా కలసం ఎత్తుకుపోయినారా? చూసినోళ్లు ఇది కోపురం కాదు, మెట్లబావి అంటారు."

రెండున్నరకు రామానుజం ఫోన్ చేశాడు. వాళ్లింట్లోనూ తెలుగే, అందుకని తిట్టేటప్పుడు తమిళం వాడడు.

"ఏమ్మా కార్తికా, పైన నాలుగు వరసలు కాళీగా ఇడిచినావు?"

"లేదు సార్. ఈడ కాళీ లేదు. నిండిపోయింది."

"నా కళ్ల ముందర కాళీగా ఉండాదిమ్మా! నాకు కళ్లు కనపడవంటావా?"

"సార్, సత్తెంగా..."

"నాలుగింటికి మునియసామి వస్తాడు. అట్లే ఇస్తే సోమవారం బస్సులో కలుద్దాం." ఫోన్ పెట్టేశాడు.

కార్తిక ముఖం చింతపులుసు తాగినట్టయింది. ఒకటే తెర, అక్కడ ఖాళీ, ఇక్కడ నిండు. మూసి తెరిచింది. కుదించింది, పెంచింది. కుదిస్తే ఆవగింజలు, పెంచితే అదే నిండు.

తంగమ్మాళ్ కళ్లజోడు పెట్టుకుని తెరకు ముక్కు ఆనించేంత దగ్గరగా వంగింది. మగ్గం ముందు కూర్చున్నదానికి ఇందులో అర్థం కాకపోవడానికేముంది? పోగుల్ని దగ్గరికి కొట్టే పలక ముందుకు వచ్చినప్పుడు, అప్పుడే నేసిన నాలుగు పోగులు దాని వెనకాల పడతాయి. పోగులు పోయాయని ఎవరూ ఏడవరు. పలకను వెనక్కి తోస్తే ఉన్నచోటే ఉంటాయి.

"కార్తికా, ఈ నీలం పట్టీ ఏమి?"

తెర పైన, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక నీలం పట్టీ. దాని మీద ఆఫీసు కంప్యూటర్ పేరు రాసుంది.

"అది ఆఫీసుతో కలిపే పట్టీ అత్తా. ఎప్పుడూ ఉంటాది."

"అక్కడ రామానుజానికి ఉండాదా?"

అప్పుడు తట్టింది కార్తికకు. లేదు. అది ల్యాప్‌టాప్‌లో మాత్రమే కనబడే పట్టీ. అక్కడి తెరకు దాని సంగతే తెలియదు.

"దాని మూలలో గుండుసూది బొమ్మ ఉండాది చూడు. కుచ్చిళ్లకు పిన్ను గుచ్చినట్టు గుచ్చేసినారు. ఎవరు గుచ్చింది?"

"నేనే అత్తా. మొదటి రోజు. మాటిమాటికి పైకి పోతావుంటే..."

"పదహారేళ్ల చదువు! పిన్ను తీయి."

కార్తిక సూది బొమ్మను నొక్కింది. పట్టీ సర్రున పైకి జారిపోయింది. దాని కింద నాలుగు వరసలు, తెల్లగా, ఖాళీగా, ఏమీ ఎరగనట్టు.

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. ముందు నవ్వింది కార్తిక. తంగమ్మాళ్ నవ్వును పమిట చెంగులో దాచేసి, "నవ్వు తర్వాత. టైము మూడు కావస్తాంది" అంది.

ఆ తరువాత గంట సేపు తెర తంగమ్మాళ్ చెప్పినట్టే నడిచింది. ఉత్తరాల జన్నల్ మూయించింది: "ఇప్పుడు ఎవరికి ఉత్తరం రాస్తావు?" రంగుల డబ్బాలు కిందికి పంపించింది: "అంచుకు ఉన్నది ఒక్క జరీ రంగు, ఇన్ని డబ్బాలెందుకు?" చీర ఫోటోను ఎడమ పక్కన మూడో వంతులో నిలబెట్టించింది, కుడి పక్కన మిగిలిన చోటంతా కాగితానికి. ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు.

"చూసేది ఒక కంటికి, గీసేది ఒక కంటికి. నా ఇంట్లో అత్తా నేనూ అట్లే ఉన్నాం. ఒకరి మీద ఒకరు పడితే ఇద్దరికీ కనపడదు."

"నేనూ మీరూ?"

"మనకు జన్నల్ వేరే. నువ్వు గీయి."

కలశం నాలుగు వరసల్లో సరిగ్గా కూర్చుంది. పైన ఒక చుక్క కూడా మిగలలేదు. నాలుగింటికి అయిదు నిమిషాలుండగా పని పూర్తయింది. విరుదునగర్‌లో మునియసామి మగ్గం ఎక్కించాడు. అయిదున్నరకు ఫోన్‌లో ఫోటో వచ్చింది. జేనెడు అంచు మీద వరసగా గోపురాలు, ప్రతి గోపురం మీదా కలశం. వెనకాలే రామానుజం ఫోన్.

"కార్తికా, సోమవారం బస్సు వద్దులే. అది సరి, ఆ నాలుగు వరసలు ఎట్ల దొరికినాయి?"

"మా అత్త పిన్ను తీసింది సార్."

"మీ అత్త కంప్యూటర్ నేర్చుకున్నదా?"

ఫోన్ తంగమ్మాళ్ చేతిలోకి వచ్చింది. "కంప్యూటర్ నేర్చుకోలా నాయనా. ఇరుకింట్లో కాపరం చేసినాను. నీ ఆఫీసులో జాగా ఎక్కువ, అందుకే నీకు తెలియలా."

సోమవారం ఏడూ పదికి వీధి చివర బస్సు హారన్ కొట్టింది. కార్తిక దుప్పటి కూడా కదిలించలేదు. తంగమ్మాళ్ కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, తల ఎత్తి దూలాన్ని చూసింది. అప్పటి ఉయ్యాల కొక్కెం ఇంకా అక్కడే ఉంది. బల్లకు రెండు చేతులూ ఆనించి ఒక తోపు తోసింది.

చప్పుడుకు కార్తిక లేచి కూర్చుంది. "ఏమి చేస్తాండారత్తా?"

"బల్ల ఒక మూర అటు పోవాల. ఉయ్యాల ఈడ పడతాది."

"ఇంకా రెండు నెలలు ఉండాది కదా!"

"అప్పుడు సర్దితే ఇరుకైతాది. లెయ్యి, ఆ పక్క పట్టుకో. వద్దు వద్దు, నువ్వు పట్టొద్దు. కూర్చోని కాఫీ తాగు."