ముగ్గు మరిచిన బొమ్మ

ఇది ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు. కంప్యూటర్లో నేను చేసిన గోడ మీద మొదటిసారి ఎండ పడిన రోజున ఆఫీసు బాత్రూంలోకి వెళ్లి, గడియ పెట్టుకుని, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో గెంతాను. చున్నీ బకెట్లో పడి తడిసినా ఆగలేదు.

పటమటలో మా సార్ది చిన్న ఆఫీసు. ఆయన ఇళ్లకు డిజైన్లు చేస్తారు, నేను కంప్యూటర్లో వాటి మోడళ్లు తయారు చేస్తాను. మోడల్ అంటే ఒట్టి బూడిదరంగు అట్టపెట్టె. దానికి రంగులు, గాజు, ఎండ, నీడ ఇచ్చి ఫొటో అనిపించేలా బొమ్మ తీయడమే రెండరింగ్. ఆ పని బయట ఒకాయనకు పంపేవాళ్లు. వీడియోలు చూసి నేనే నేర్చుకుంటున్నానని తెలిసి సార్ అన్నారు: "ఈ భవానీపురం ఇల్లు నువ్వు చెయ్యమ్మా. వాళ్లకు నచ్చితే ఇకమీదట బొమ్మలన్నీ నీవే. నచ్చలేదనుకో, మళ్లీ బాత్రూం టైల్స్ గీసుకుందువుగాని."

ఆ వారమంతా నేను నేల మీద లేను. బస్సులో ఎవరి మొహం మీద ఎండ పడినా, నీడ అంచు మెత్తగా ఉందా, పదునుగా ఉందా అని చూసేదాన్ని. అమ్మ స్టీలు గ్లాసులో కాఫీ ఇస్తే, గ్లాసు మీద కిటికీ ఎలా వంగిందో చూస్తూ కూర్చున్నాను.

"చల్లారిపోతోందే! దాన్ని తాగుతావా, పెళ్లి చేసుకుంటావా?" అంది అమ్మ.

ఇల్లు కట్టించుకునేవాళ్లకు వన్‌టౌన్‌లో చేనేత చీరల కొట్టుంది. భార్యాభర్తలిద్దరూ వచ్చి కూర్చున్నారు. తెర మీద నా బొమ్మ: తూర్పుముఖం ఇల్లు, పొద్దుటి లేత ఎండ, మచ్చలేని వాకిలి. ఆయన "అబ్బో!" అన్నారు. ఆవిడ మాత్రం చాలాసేపు చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"తెల్లారి ఎండొచ్చింది గదా, వాకిట్లో ముగ్గేదండీ? ఆ ఇంట్లో ఎవరన్నా పోయారా?"

"బొమ్మేగదే!"

"బొమ్మయితే మాత్రం? మనిల్లే గదా అది. నాకొద్దు బాబూ, ప్లానే మార్పించండి."

సార్ నావైపు చూశారు. నా కళ్లముందు టైల్స్ వరసలు కట్టాయి. చావు జరిగిన ఇంటి ముందు ముగ్గు వేయరని నాకు తెలియక కాదు. నిగనిగలాడాలన్న ధ్యాసలో పడి వాకిలిని అంత బోసిగా ఉంచేశాను. కొత్తవాళ్ల ముందు నోరు విప్పని నేను, కాగితమూ పెన్నూ ఆవిడ ముందు పెట్టి అన్నాను: "మీ ముగ్గు మీరే వెయ్యండి ఆంటీ."

ఆవిడ వింతగా చూసినా, చుక్కలు పెట్టి తీగలు తిప్పారు. దాన్ని ఫోనులో ఫొటో తీసి, నల్లగీతలు తెల్లగా మార్చి, వాకిట్లో పరిచాను. కొలత తప్పింది. ముగ్గు వాకిలి దాటి, రోడ్డు దాటి, ఎదురింటి గోడెక్కింది.

"ఓయబ్బో, కార్పొరేషన్ వాళ్లు ఊరుకుంటారంటావా?" అన్నారాయన. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. నాకూ నవ్వు ఆగలేదు.

సరిచేసి మళ్లీ నొక్కాను. రెండర్ ఒక్కసారిగా రాదు. ముందు ఇసుక చల్లినట్టు మసకమసకగా వచ్చి, మెల్లగా తేటపడుతుంది. ఆవిడ గీతలు ఒక్కొక్కటే తెల్లబడుతున్నాయి, వాటి మీద గేటు ఊచల నీడ వాలుతోంది. ఆవిడ కుర్చీ వదిలి తెర దగ్గరకు వచ్చేశారు.

వెళ్తూ తలుపు దగ్గర ఆగి నాతో అన్నారు: "గడపకి కాస్త పసుపు కూడా పూసెయ్యమ్మాయ్, రేపే మేస్త్రీని పిలిపిస్తాం."