పదిహేడో నంబరు బిళ్ళ

విదేశంలో చదువుకునే రోజుల్లో ఒక శనివారం అక్కా నేనూ ఒక పాత విశ్వవిద్యాలయపు ఊరు చూడ్డానికి వెళ్లాం. అక్కడ చూసినవన్నీ మరిచిపోయాను, గంటల గోపురం కింద కూర్చునే కాపలాదారును తప్ప. విద్యార్థులంతా ఆయన్ని బిళ్ళల తాత అనేవారు.

పైకి వెళ్లేవాళ్లకు తలా ఒక ఇత్తడి బిళ్ళ ఇచ్చేవాడు. దిగాక దాన్ని తీసుకుని, ఆ నంబరున్న మేకుకు తనే తగిలించేవాడు. గోడకు ఇరవై నాలుగు మేకులు. ఒక్కటి బోసిగా ఉన్నా తలుపు వేసేవాడు కాదు. నాకు ఒళ్లు మండింది. నాలుగు మెట్లెక్కి దిగడానికి ఇంత తతంగమా అని పైకే అనేశాను. ఆయనకు చెవుడు, రెండుసార్లు చెప్పించుకుని మరీ విన్నాడు. కోపగించుకోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పైన ఎవరూ లేరనుకుని తాళం వేసి ఇంటికి వెళ్లిపోయాడట. గడ్డకట్టే చలి. పొద్దున తలుపు తీస్తే దాని వెనకే ఒక అమ్మాయి శవం. నా ఈడుదేనట. ఆ వారమే బిళ్ళలు చేయించాడు.

"బిళ్ళ రాకపోతే నేనే ఎక్కి వెతుక్కోవాలమ్మా. మూడొందల పదకొండు మెట్లు. ఇంకోసారి ఎక్కితే గుండె ఊరుకోదని డాక్టరు గట్టిగా చెప్పాడు. మర్చిపోకుండా ఇచ్చి వెళ్లు తల్లీ," అన్నాడు.

మేం దిగేసరికి ఆయన చుట్టూ జనం మూగి ఉన్నారు. రైలు టైమైపోతోంది. అక్క ముందు నడిచింది. రెండు బిళ్ళలూ తన దగ్గరే ఉన్నాయి, ఇచ్చేసి ఉంటుంది అనుకుని పరుగెత్తాను. స్టేషన్లో కోటు జేబులో చెయ్యి పెడితే నా పదిహేడో నంబరు బిళ్ళ తగిలింది. పై ప్రాణాలు పైనే పోయాయి.

"రేపు పోస్టులో పంపుదువులేవే. బండి వచ్చేసింది," అంది అక్క.

"ఆయన ఎక్కుతాడక్కా," అని వెనక్కి ఉరికాను.

గోపురం తలుపు బార్లా తెరిచి ఉంది. కుర్చీ ఖాళీ. చేతికర్ర దానికి ఆనించే ఉంది. గోడ మీద పదిహేడో మేకు ఒక్కటే బోసిగా ఉంది.

"తాతా, నేను కిందే ఉన్నాను!" అని గొంతు చించుకున్నాను.

ఎక్కడో పైనుంచి, ఆయాసపడుతూ, ఆయన గొంతు వినిపించింది. నేనింకా పైనే ఉన్నాననుకుని నాతోనే మాట్లాడుతున్నాడు.

"భయపడకమ్మా, తాళం వెయ్యలేదు. వచ్చేస్తున్నా."

అరుస్తూనే రెండేసి మెట్లు ఎక్కాను. ఆ మాట ఇంకో రెండుసార్లు వినిపించింది. తర్వాత నా అరుపులే వినిపించాయి.