బయట తాళం

నగరంలోని ఆ పాత పెద్దాసుపత్రిలో నేను దర్జీని. చిరిగిన దుప్పట్లకు అతుకులు వేయడం, ఆపరేషన్ గదికి ఆకుపచ్చ బట్టలు కుట్టడం నా పని. నా చేతిలో కత్తెర ఉండేది నిజమే గానీ, దాంతో మనుషులను కోయరని మా ఇబ్రహీంపట్నంలో ఎవరికీ చెప్పలేకపోయాను. అక్కడ అందరికీ నేను 'దవాఖానల ఉండే పిల్ల'ను.

ఆసుపత్రి వెనక సందులో, మేడ మీద ఒంటి గది నాది. కిటికీ తెరిస్తే ఫినాయిలు వాసన, మూస్తే ఉక్క. పగలంతా బట్టల గదిలో మిషను ముందు, ఆ తర్వాత ఈ గదిలో. రెండింటి మధ్య ఐదు నిమిషాల నడక. ఆ ఐదు నిమిషాలూ నావి కావు. మోకాళ్ళ నొప్పి, పచ్చకామెర్లు, కాన్పు, మా వైపు నుంచి బస్సెక్కిన ప్రతి రోగమూ ముందు నా గడపకే వచ్చేది. "జర డాక్టర్ సాబ్‌కు ఒక మాట చెప్పు" అనేవారు. ఆ డాక్టర్ సాబ్‌కు నేనెవరో తెలియదు. చీటీ రాయించి, వరసలో నిలబెట్టి, వెంట వచ్చినవాళ్ళకు వండిపెట్టేదాన్ని. బోనాలకు ఇంటికి పోయినా వదిలేవారు కాదు, చెప్పులు విప్పకముందే ఎక్స్‌రే చేతిలో పెట్టేవారు.

వీళ్ళందరినీ పంపేది మా అక్క. టమాట తోట చేసుకుంటూ, ఎవరు మూలిగినా "మా చెల్లె ఉన్నది, ఫికర్ చెయ్యకు" అని బస్సెక్కించేది. నాకు ఒళ్ళు మండేది. కానీ అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఆమెకు కాదని చెప్పే నోరు నాకు లేదు.

అందుకే ఒక ఉపాయం పన్నాను. నా వారపు సెలవు గురువారం. ఆ రోజు ఫోను ఆపేసి, నేను లోపలే ఉండి, కింది వాటాలో ఉండే కోస్తా ఆవిడ చేత బయట తాళం వేయించేదాన్ని. "ఇదేం ఖర్మమ్మా, నిన్ను నువ్వే జైల్లో పెట్టుకుంటున్నావ్" అని నవ్వుతూనే ఆమె తాళంచెవి కొంగున ముడేసుకునేది. వచ్చినవాళ్ళు తాళం చూసి పోయేవారు. దగ్గొస్తే దిండులో మొహం పెట్టుకుని దగ్గేదాన్ని.

ఒక గురువారం పొద్దున మెట్ల మీద అక్క గొంతు వినిపించింది.

"చెల్లె" అని ఒక్కసారే పిలిచింది.

ఈసారి ఎవరిని వెంటబెట్టుకొచ్చిందో అనుకుని ఊపిరి బిగబట్టాను. తలుపు అవతల గాజుల చప్పుడు, సంచి కింద పెట్టిన చప్పుడు. మెట్టు మీద కూర్చున్నట్టుంది. నేను కదలలేదు. చాలాసేపటికి చెప్పుల చప్పుడు కిందికి దిగిపోయింది.

కాసేపటికి కిందావిడ గబగబా వచ్చి తాళం తీసింది.

"నేను కొట్టు నుంచి వస్తుంటే మీ అక్కగారు గుమ్మంలో ఎదురయ్యారమ్మా. వెంట ఎవరూ లేరు. మెడ దగ్గర గడ్డ లేచిందట, చూపించుకోడానికి వచ్చారట."

జుట్టు ముడేసుకుంటూ ఆసుపత్రికి పరుగెత్తాను. ఆడవాళ్ళ వరసలో చిట్టచివర, మెడ చుట్టూ కొంగు కప్పుకుని నిలబడి ఉంది అక్క. చేతిలో చీటీని తలకిందులుగా పట్టుకుంది. ఆమెకు చదువు రాదు.

"బజారుకు పోయినక్కా, ఇప్పుడే వచ్చిన" అన్నాను. అబద్ధం దానంతటదే వచ్చేసింది.

అక్క నా మొహంలోకి చూసింది. కోపం లేదు.

"తాళం చూసిన. లోపల ఫ్యాన్ తిరుగుతున్న సప్పుడైంది. వారమంత మనోళ్ళతోని పరేషానైతవు, జర పండుకుంటివేమో అని మల్ల పిలువలే."

సిగ్గుతో చచ్చిపోయాను. చీటీ తీసుకుని సరిగా తిప్పి పట్టుకుని, అక్క పక్కనే వరసలో నిలబడ్డాను.

గడ్డ తీసేశారు, అక్క కోలుకుంది. ఆ తర్వాత ఆమె ఎవరినీ నా దగ్గరికి పంపలేదు. పోయిన ఏడాది రిటైరై, ఇబ్రహీంపట్నంలో అక్క పక్కింట్లోనే ఉంటున్నాను. నా తలుపు పగలంతా బార్లా తీసే ఉంటుంది. రోజూ మధ్యాహ్నం వస్తుంది అక్క. నేను ఎదురుగా కూర్చుని కనిపిస్తున్నా, గడప బయటే ఆగి, "చెల్లె, రావాల్నా?" అని అడుగుతుంది.